దొంగతనమునకు నిర్వచనము: కాలువ నీటి నుండి కంప్యూటరు శక్తి వరకు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మీదుగా ఖమ్మం జిల్లా వైపు సాగిపోతుంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు కాలువలలోనికి 1967 ఆగస్టు 4న నీరు విడుదలైనది. ఆనాటి నుండి కోదాడ రైతుకు ఒక తగవు సుపరిచితమే. ఎగువవారు రాత్రివేళ కాలువకు గండి కొట్టి గాని, మోటారు బిగించి గాని తమ వంతు కాని నీటిని మళ్ళించుకొంటే, ఆయకట్టు చివరనున్న మడి ఎండిపోతుంది. ఊరివారందరూ దానిని నీళ్ళ దొంగతనమనే అంటారు. కాని చట్టము అలా అనలేదు. సాగునీటిని అక్రమముగా తగ్గించుటను భారత శిక్షాస్మృతి 430వ సెక్షను ఆస్తికి హాని కలిగించు నేరాలలో చేర్చి, అయిదేండ్ల వరకు శిక్ష విధించినది. శిక్ష కఠినమే, పేరు మాత్రము దొంగతనము కాదు.

ఈ పేరు తేడా వట్టి మాటల తేడా అనుకోరాదు. అదే కృష్ణానదికి ఆవలి ఒడ్డున, సాగర్ ఆనకట్టకు దగ్గరలోనే, మాచర్ల పట్టణము ఉన్నది. 2018 సెప్టెంబరులో ఆ పురపాలక సంఘపు వెబ్‌సైటు ఒక చిత్రమైన కారణముచేత వార్తలకెక్కినది. ఆ సైటును, తిరుపతి నగరపాలక సంస్థ సైటును, ఆంధ్రప్రదేశ్ పురపాలక పరిపాలనా సంచాలకుని కార్యాలయపు సైటును చూడవచ్చిన పౌరుల కంప్యూటర్లు, వారికి తెలియకుండానే, ఎవరో అజ్ఞాత వ్యక్తికి డబ్బు సంపాదించి పెడుతున్నాయని గౌహతికి చెందిన ముగ్గురు భద్రతా పరిశోధకులు కనిపెట్టినారు. ఎకనామిక్ టైమ్స్ పత్రిక దానిని ప్రకటించినది. చూపరుల కంప్యూటరు నుండి ఒక్క ఫైలూ పోలేదు. ఒక్క అక్షరమూ చెరిగిపోలేదు. మరి పోయినదేమిటి? దానిని దొంగతనమనవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనంటే సుమారు 170 ఏండ్ల చరిత్రను తిరగవేయవలసి ఉంటుంది.

ఎత్తుకొని పోగల వస్తువు

భారత శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. అందులోని 378వ సెక్షను దొంగతనమును నిర్వచించినది. ఆ నిర్వచనములో అయిదు అంశాలున్నవి. తీసుకొనేవానికి దురుద్దేశము ఉండవలెను. తీసుకొన్నది చరాస్తి, అనగా కదిలే వస్తువు, కావలెను. అది మరొకరి స్వాధీనములో ఉండవలెను. ఆ మరొకరి సమ్మతి లేకుండవలెను. చివరకు, ఆ వస్తువును కదల్చి ఉండవలెను. నేలలో పాతుకొనియున్న చెట్టు చరాస్తి కాదు. నరికి నేలనుండి వేరుచేసిన క్షణమున అది చరాస్తి అవుతుంది. 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానములో భారతీయ న్యాయ సంహిత వచ్చినది. అందులో 303వ సెక్షనులోను ఈ నిర్వచనమే ప్రధానముగా నిలిచి ఉన్నది.

ఇంగ్లండు సంప్రదాయములో దొంగతనమనగా సొత్తును యజమానికి శాశ్వతముగా దక్కకుండా చేయుట. భారత చట్టము అంత దూరము పోలేదు. 1952 మే 14న జోధ్‌పూరు వైమానిక శిక్షణ కేంద్రములోని ఒక యువకుడు అనుమతి లేకుండా ఒక హార్వర్డ్ శిక్షణ విమానమును తీసుకొని ఎగిరిపోయి పాకిస్తానులో దిగినాడు. విమానమును కాజేయవలెనని అతని ఉద్దేశము కాదు. కొంతసేపు వాడుకొన్నాడు, అంతే అని వాదించినారు. కె.ఎన్. మెహ్రా కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యవహారములో సుప్రీంకోర్టు 1957లో తీర్పు చెప్పినది. వస్తువును తాత్కాలికముగా తీసుకొన్నను దొంగతనమే. అనుమతి లేని ఆ వాడకము వలన ప్రభుత్వము తన విమానమును తాను వాడుకొనే అవకాశమును కోల్పోయినది. యజమానికి అదే నష్టము, వాడుకొన్నవానికి అదే లాభము అని ధర్మాసనము వివరించినది.

ఈ తీర్పులో ఒక బీజమున్నది. వస్తువు తిరిగి వచ్చినను, దాని వినియోగము పోయినదన్న మాట ఆనాడే అంగీకరింపబడినది. అయితే విమానము కదిలినది. కదలని యంత్రమును ఉన్నచోటనే వాడుకొంటే ఏమనవలెను?

గొట్టములో గ్యాసు, తీగలో విద్యుత్తు

చేతికి అందని పదార్థము విషయములో తొలి చిక్కు వీధి దీపాల గ్యాసుతో వచ్చినది. మీటరును తప్పించి పక్కగొట్టము వేసి గ్యాసు కాల్చుకొన్న ఒక ఇంగ్లీషు వర్తకుని కేసులో, అది దొంగతనమేనని 1853లో తీర్పు వచ్చినది. గ్యాసు కంటికి కనబడకపోయినను పదార్థమే. దానికి బరువున్నది, గొట్టములో ఒకచోటనుండి మరొకచోటికి కదులుతుంది. గొట్టములోని నీటికీ 1883లో అదే న్యాయము వర్తించినది. నదిలో పారే నీరు ఎవరి సొత్తూ కాదు. కంపెనీ గొట్టములో చేరిన నీరు కంపెనీ సొత్తు.

విద్యుత్తు ఇంతకంటె గడ్డు సమస్యను తెచ్చినది. భౌతికశాస్త్రము ప్రకారము విద్యుత్తు వాడుకొన్నవాడు ఎలక్ట్రానులను మూటగట్టుకొని పోడు. ప్రత్యామ్నాయ విద్యుత్తులో ఎలక్ట్రానులు తీగలో ముందుకు వెనుకకు ఊగుతూ ఉంటాయి. వాడుకదారునికి చేరేది శక్తి. ఆ శక్తి వస్తువా, కాదా? జర్మనీ ఉన్నత న్యాయస్థానము 1896లోను, మళ్ళీ 1899లోను కాదన్నది. శిక్షాస్మృతిలో వస్తువన్నప్పుడు భౌతిక పదార్థమనే అర్థము. న్యాయమూర్తులు ఆ అర్థమును సాగదీయరాదు. నేరస్థుని శిక్షింపవలెనంటే శాసనసభ చట్టము చేయవలెను. వెంటనే 1900 ఏప్రిల్ 9న జర్మనీ విద్యుత్తును అపహరించుటకు ప్రత్యేక చట్టము చేసినది.

హాలండు వేరొక దారి పట్టినది. హేగ్ నగరములోని ఒక దంతవైద్యుడు సూదితో విద్యుత్ మీటరును తిరగకుండా ఆపి కరెంటు వాడుకొన్నాడు. 1921లో అక్కడి అత్యున్నత న్యాయస్థానము విద్యుత్తుకు విలువ ఉన్నది, దానిని ఒకరి చేతినుండి మరొకరి చేతికి మార్చవచ్చును, కాబట్టి అది సొత్తేనని తేల్చినది. ఒకే ప్రశ్నకు పొరుగు దేశాలు రెండు సమాధానాలు చెప్పినవన్నమాట. ఇంగ్లండు ఈ తర్కములో దిగకుండా 1882 నాటి విద్యుద్దీపాల చట్టములోనే కరెంటు అపహరణను చౌర్యముగా ప్రకటించినది.

భారతదేశము ఇంగ్లండు దారినే అనుసరించినది. 1910 నాటి విద్యుత్ చట్టము 39వ సెక్షను, దురుద్దేశముతో విద్యుచ్ఛక్తిని గ్రహించినవాడు దొంగతనము చేసినట్లుగా భావింపబడునని అన్నది. ఇక్కడ భావింపబడుననుట గమనింపదగినది. పంజాబుకు చెందిన అవతార్ సింగ్ కేసులో, 1965 నాటి తీర్పుల సంపుటాలలో అచ్చయిన తీర్పునందు, సుప్రీంకోర్టు ఈ మాటనే పట్టుకొన్నది. విద్యుత్తును తీసుకొనుట 378వ సెక్షను అర్థములో దొంగతనము కాదు. ప్రత్యేక చట్టము చేసిన కల్పన వలననే అది దొంగతనమైనది. కావున ఫిర్యాదును కూడా ఆ ప్రత్యేక చట్టము పేర్కొన్నవారే చేయవలెను అని చెప్పి శిక్షను కొట్టివేసినది. నేరము జరుగలేదని కాదు. దానికి సరైన దారిలో రాలేదని భావము.

తెలుగునాట ఈ చరిత్రకు మరొక మెట్టు ఉన్నది. తీగలకు కొక్కెములు తగిలించుట, మీటర్లను ఆపుట ఎక్కువై, 2000లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1910 చట్టమును రాష్ట్రానికి వర్తించే మేరకు సవరించినది. కరెంటు దొంగతనము పోలీసులు నేరుగా చేపట్టదగిన నేరమైనది; విచారణకు ప్రత్యేక న్యాయస్థానాలు వచ్చినవి. తరువాత దేశమంతటికీ వచ్చిన 2003 విద్యుత్ చట్టములో 135వ సెక్షను పేరే విద్యుత్ దొంగతనము. నూరేండ్లలో కల్పన కాస్తా పేరుగా స్థిరపడినది.

యంత్రపు కాలము

కంప్యూటరు విషయములో కూడా చరిత్ర ఇదే బాటలో నడచినది. 1970లలో కంప్యూటరు ఒక గది నిండిన యంత్రము. దాని కాలమును గంటల లెక్కన విశ్వవిద్యాలయాలు శాఖలకు పంచేవి. అమెరికాలోని వర్జీనియాలో ఒక పరిశోధక విద్యార్థి తనకు కేటాయింపు లేకుండానే ఇతరుల ఖాతాల మీద యంత్రమును వాడి తన సిద్ధాంత వ్యాసపు లెక్కలు చేసుకొన్నాడు. ఆ వాడకపు విలువను 26,000 డాలర్లకు పైగా లెక్కగట్టినారు. 1977లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు అతని శిక్షను రద్దుచేసినది. కంప్యూటరు కాలమును ఎవరూ ఎత్తుకొని పోలేరు. అతనివద్ద దొరికిన ముద్రిత కాగితాలకు చిత్తుకాగితాల విలువకు మించి లేదు అని కోర్టు అన్నది. మరుసటి ఏడు, 1978లో, వర్జీనియా శాసనసభ కంప్యూటరు కాలమును కూడా ఆస్తిగా పేర్కొంటూ చట్టము చేసినది. జర్మనీలో విద్యుత్తుకు జరిగినదే ఇక్కడ కంప్యూటరుకు జరిగినది.

1985లో ఇండియానా సుప్రీంకోర్టు మరొక వాదన వినిపించినది. ఒక నగరపాలక ఉద్యోగి కార్యాలయపు కంప్యూటరులో తన సొంత వ్యాపారపు లెక్కలు వ్రాసుకొన్నాడు. నగరము ఆ యంత్రానికి నెలవారీ స్థిరమైన అద్దె చెల్లించేది. ఇతని వాడకము వలన పైసా అదనపు ఖర్చు రాలేదు. కార్యాలయపు అలమరలో సొంత పుస్తకాలు పెట్టుకొన్న ఉద్యోగితో అతనిని పోల్చి, క్రమశిక్షణా చర్య సరిపోవునని, దొంగతనము కాదని కోర్టు తేల్చినది.

ఈ వాదన వెనుక ఒక యాంత్రిక సత్యము ఉన్నది. ఆనాటి పెద్ద యంత్రాలు పని ఉన్నను లేకున్నను ఇంచుమించు ఒకే మేరకు విద్యుత్తును తీసుకొనేవి. నేటి ప్రాసెసరు అట్లు కాదు. అందులో కోట్ల కొలది సూక్ష్మమైన స్విచ్చులుంటవి. ఒక స్విచ్చు స్థితి మారిన ప్రతిసారి కొద్దిపాటి విద్యుదావేశము నిండి ఖాళీ అవుతుంది. ఆ శక్తి వేడిగా మారిపోతుంది. పని లేనప్పుడు ప్రాసెసరు తన వేగమును తగ్గించుకొని, కొన్ని భాగాలను నిద్రపుచ్చుతుంది. పని పెరిగినప్పుడు విద్యుత్తు వాడకము అనేక రెట్లు పెరుగుతుంది, పంకా హోరెత్తుతుంది, సెల్‌ఫోనయితే చేతికి వేడిగా తగులుతుంది, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. కావున ఒకరి యంత్రములో మరొకరు పని చేయించుకొంటే యజమానికి ఖర్చేమీ లేదన్న మాట నేడు చెల్లదు. ఆ ఖర్చును మీటరులో చూడవచ్చును.

ఒక్కొక్కరి నుండి యూనిటులో వెయ్యోవంతు

మాచర్ల సైటులో జరిగినది ఇదే. క్రిప్టో నాణెములను ఏ ప్రభుత్వమూ ముద్రింపదు. లావాదేవీల పుస్తకమును సరిచూచే కఠినమైన లెక్కలను ఎవరి కంప్యూటరు ముందుగా ఛేదిస్తే వారికి కొత్త నాణెములు బహుమతిగా వస్తాయి. దీనినే తవ్వకము అంటారు. 2014లో మొదలైన మొనేరో అనే నాణెపు లెక్కలు సాధారణ కంప్యూటరులోని ప్రాసెసరుకు కూడా అనువుగా ఉండేవి. 2017 సెప్టెంబరులో కాయిన్‌హైవ్ అనే సంస్థ ఒక చిన్న ప్రోగ్రామును విడుదల చేసినది. దానిని వెబ్‌సైటులో చేరిస్తే, ఆ పుటను తెరచియుంచినంతసేపు చూపరి కంప్యూటరు మొనేరో తవ్వుతుంది. వచ్చిన దానిలో 70 శాతము ప్రోగ్రామును చేర్చినవారికి, 30 శాతము ఆ సంస్థకు చెందేవి. ప్రకటనలకు బదులుగా దీనిని వాడుకోవచ్చునని ఆ సంస్థ చెప్పినది. కాని అనతికాలములోనే ఇతరుల సైటులలో చొరబడి ఈ ప్రోగ్రామును దాచిపెట్టువారు బయలుదేరినారు. 2018 ఫిబ్రవరిలో, చూపు మందగించినవారికి పుటలను చదివి వినిపించే ఒక సాధనము ద్వారా ఇది 4,000కు పైగా సైటులలో వ్యాపించినది. వాటిలో బ్రిటిషు ప్రభుత్వ సైటులు కూడా ఉన్నవి. 2019 మార్చిలో కాయిన్‌హైవ్ మూతబడినది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సైటులకు నెలకు 1,60,000కు పైగా సందర్శనలున్నవని ఆనాటి వార్త. ఒక లెక్క వేసి చూడవచ్చును. ఒక్కొక్క సందర్శన 3 నిమిషాలనియు, ఆ సమయములో ప్రాసెసరు అదనముగా 20 వాట్లు వాడినదనియు అనుకొందాము. 3 నిమిషాలు గంటలో 20వ వంతు. అప్పుడు ఒక్కొక్కరి నుండి పోయినది 1 వాట్-గంట, అనగా యూనిటులో వెయ్యోవంతు. దానికై పోలీసు స్టేషనుకు పోయేవారెవరు? కాని 1,60,000 సందర్శనలకు అది 160 యూనిట్లు. ఒక సామాన్య కుటుంబము ఒకటి రెండు నెలలు వాడుకొనే కరెంటు. పౌరులందరూ కలిసి, తమకు తెలియకుండా, ఒక అజ్ఞాతునికి ఆ మేరకు పన్ను చెల్లించినట్లయినది. ప్రతి మడి నుండి ఒక చెంబెడు నీరు తీసి తన చెరువు నింపుకొన్నవాని ఉపాయమిది. నష్టము ఒక్కొక్కరివద్ద కనబడనంత చిన్నది. లాభము ఒకేచోట పోగుబడుతుంది. దొంగతనమును నష్టపు పరిమాణముతోనే కొలుస్తామంటే ఇటువంటివాడు ఎన్నటికీ చిక్కడు.

భారత చట్టము చెప్పునదేమి?

2000 సంవత్సరములో ఢిల్లీలో ఒక సైనికాధికారి కొనుక్కొన్న ఇంటర్నెట్ గంటలను మరొకరు వాడుకొన్నప్పుడు, పోలీసులకు చేతిలో కంప్యూటరు చట్టము లేక, శిక్షాస్మృతిలోని దొంగతనపు సెక్షనునే ఆశ్రయింపవలసి వచ్చినది. అదే ఏడు అక్టోబరు 17న సమాచార సాంకేతిక చట్టము అమలులోనికి వచ్చినది. దాని 43వ సెక్షను యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులో ప్రవేశించుటను, హానికరమైన ప్రోగ్రాములను చొప్పించుటను నిషేధించినది. కంప్యూటరు యొక్క సహజమైన పనితీరును ఏ విధముగానైనను ఆక్రమించుకొనే ఆదేశాలను కూడా ఆ ప్రోగ్రాముల నిర్వచనములో చేర్చినది. మాచర్ల వ్యవహారానికి ఇంతకంటె దగ్గరి వర్ణన దొరకదు. 2009 అక్టోబరు 27 నుండి అమలైన సవరణ ప్రకారము, దురుద్దేశముతో ఈ పనులు చేసినవారికి 66వ సెక్షను కింద మూడేండ్ల వరకు జైలు గాని, 5 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండునూ గాని విధింపవచ్చును. సెల్‌ఫోను కూడా ఈ చట్టము దృష్టిలో కంప్యూటరేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లోనే, రెండు ఫోను కంపెనీల మధ్య వచ్చిన వ్యవహారములో స్పష్టపరచినది.

గమనింపవలసినదేమనగా, ఈ సెక్షనులు కూడా సాగునీటి సెక్షను వలెనే నేరమును శిక్షించినవి గాని దానికి దొంగతనమని పేరు పెట్టలేదు. విద్యుత్తుకు ఆ పేరు దక్కినది. ప్రాసెసరు శక్తికి ఇంకను దక్కలేదు.

సమ్మతి అనే గీత

ఇతరుల యంత్రములో పని చేయించుకొనుట ఎల్లప్పుడూ తప్పు కాదు. 1999 మేలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము బర్కిలీ శాఖవారు, అంతరిక్షమునుండి వచ్చే రేడియో తరంగాలను పరిశీలించుటకు ఇంటింటి కంప్యూటర్ల ఖాళీ సమయమును అర్థించినారు. లక్షలాది ప్రజలు తమంతట తామే ఆ ప్రోగ్రామును చేర్చుకొన్నారు. మొనేరో తవ్వకమునకు, దీనికి యంత్రములో జరిగే పని ఒకే తీరుది. భేదము సమ్మతిలో ఉన్నది. దాదాపు అదే కాలములో జార్జియా రాష్ట్రములోని ఒక సాంకేతిక కళాశాల ఉద్యోగి ఇటువంటి స్వచ్ఛంద గణన ప్రోగ్రామునే, అనుమతి లేకుండా, కళాశాల కంప్యూటర్లలో పెట్టినాడు. అతనిపై కంప్యూటరు దొంగతనపు అభియోగము మోపి, 4 లక్షల డాలర్లకు పైగా నష్టము చూపించినారు. చివరకు 2002లో సుమారు 2,100 డాలర్ల చెల్లింపుతోను, కొంతకాలపు పర్యవేక్షణతోను రాజీ కుదిరినది. అనుమతి తీసుకొనకపోవుట తప్పే. కాని ఆ తప్పును చౌర్యముగా ఎంత పెద్దదిగా చూపవచ్చునో కూడా ఈ కేసు తెలుపుతున్నది.

జపానులో ఈ ప్రశ్న చివరిదాకా పోయినది. ఒక వెబ్ రూపకర్త 2017లో తన సొంత సంగీతపు సైటులో కాయిన్‌హైవ్ ప్రోగ్రామును పెట్టినాడు. చూపరుల అనుమతి అడుగలేదు. యొకొహామా న్యాయస్థానము 2019లో నిర్దోషి అన్నది. టోక్యో హైకోర్టు 2020లో లక్ష యెన్ల జరిమానా వేసినది. 2022 జనవరి 20న సుప్రీంకోర్టు మళ్ళీ నిర్దోషిగా తేల్చినది. ఆ ప్రోగ్రాము చూపరుల ఉద్దేశమునకు విరుద్ధమైనదే గాని, యంత్రముపై పడిన భారము స్వల్పము. సైటులో కనబడే ప్రకటనలు కూడా అదే విధముగా చూపరి ప్రాసెసరును వాడుకొంటవి. సమాజము సహింపరానంత అక్రమము ఇందులో లేదు అని న్యాయమూర్తులు చెప్పినారు.

ఈ తీర్పు మాచర్ల అజ్ఞాతునికి రక్షణ కాజాలదు. జపాను రూపకర్త తన సైటులో తాను పెట్టుకొన్నాడు. మాచర్లలో చొరబడినవాడు సైటు యజమానియైన పురపాలక సంఘమును, చూపవచ్చిన పౌరుని, ఇద్దరినీ వంచించినాడు.

ఇక అసలు ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. నేటి భారత చట్టపు భాషలో ఒకరి ఫోను లేక కంప్యూటరు శక్తిని అనుమతి లేకుండా వాడుకొనుట శిక్షార్హమైన నేరమే. దొంగతనమను పేరు మాత్రము దానికి లేదు. కాని దొంగతనపు నిర్వచనములోని అయిదు అంశాలలో దురుద్దేశము, పరుల స్వాధీనము, సమ్మతి లేమి అను మూడింటికి ఇది పూర్తిగా సరిపోతుంది. తక్కిన రెండు, వస్తువు కావలెననుట, కదలవలెననుట, బండిమీద మూటలు మోసుకొనిపోయే కాలపు షరతులు. గ్యాసు, విద్యుత్తు, యంత్రపు కాలము ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆ షరతులను సడలించినవి. కొన్నిచోట్ల ముందుగా న్యాయస్థానాలు సందేహించినవి; పిదప శాసనసభలు చట్టము చేసినవి. ఆ సందేహము కూడా వ్యర్థము కాదు. శిక్షకు ముందు నిర్వచనము స్పష్టముగా ఉండవలెనన్న జాగ్రత్త లేకుంటే, అలమరలో సొంత పుస్తకము పెట్టుకొన్నవాడు కూడా దొంగగా నిలువవలసి వచ్చును.

పాఠశాల ప్రయోగశాలలో, ఇంట్లో, స్నేహితుల మధ్య ఈ గీత రోజూ ఎదురవుతూనే ఉంటుంది. పొరుగువారి వైఫైలో అడుగకుండా చేరుట, పాఠశాల కంప్యూటరులో సొంత ప్రోగ్రామును నడిపించుట, ఒక ఆట నేర్పుతానని స్నేహితుని ఫోనులో మరొకటి చేర్చుట, వీటన్నిటిలో పోయేది వెయ్యోవంతు యూనిటే కావచ్చును. ఎంత పోయినదని లెక్కించుటకు ముందు, యజమానిని అడిగినామా లేదా అని విచారించుట విద్యార్థికి అలవాటు కావలెను. అడిగితే ఇచ్చేదానికి అడుగుట కష్టము కాదు. అడిగితే ఇయ్యరని తెలిసి తీసుకొన్నది, చట్టము ఏ పేరు పెట్టినను, తనది కాదు.